చౌక టీపొడి చౌకయేనా?

చంద్రపూరులోని మన నేత ఇండ్లలో తెల్లవారి మగ్గము గుంటలో దిగక ముందే టీ మరుగుచుండును. ఇక్కడివారు చహా అందురు. ఏ పేరైనను ఖర్చు ఖర్చే.

పొడికి కిలో ధర గాక కప్పు ధర చూడవలెను. ఉదాహరణకు, కిలో 400 రూపాయల డస్టు కప్పుకు 2 గ్రాములు చాలినచో 80 పైసలు. 320 రూపాయల పొడి 3 గ్రాములు పట్టినచో 96 పైసలు. ఒకసారి మేమే సంఘమునకు చౌకయని విడి పొడి తెచ్చి మోసపోతిమి. తడి కాగితముపై చల్లగానే రంగు దిగినది. మంచి పొడి చన్నీటికి అట్లు రంగు విడువదు.

కాఫీకంటె టీలో కెఫీన్ హెచ్చని కొందరందురు. ఎండు పొడిలో అది చాలవరకు నిజమే. కాని కప్పులోనికి టీపొడి తక్కువ పడును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల ప్రకారము 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80–120, టీలో 30–65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండును. రోజుకు 300 దాటరాదు. పండుగ ఆర్డర్లకు రాత్రులు నేయువారు కప్పులు లెక్కించుకొనవలెను.

అంతకంటె ముఖ్యము, భోజనమునకు గంట ముందు, గంట తర్వాత టీ వలదు. ఆహారములోని ఇనుమును ఒంటికి పట్టనీయదు. కండెలు చుట్టు మన ఆడవారు అన్నము వేళకే టీ త్రాగుచున్నారు. అందుచేత సంఘములో మధ్యాహ్నపు టీ మూడు గంటలకు మార్చినాము.