హైబ్రిడ్ కారు – పెద్దబాటపై పెట్రోలు లెక్క

గడచిన వేసవిలో మిర్యాలగూడకు చెందిన యొక విద్యార్థి తండ్రిగారు హాలియాలోని మా పాఠశాలకు వచ్చి, తాము క్రొత్తగా కొన్న హైబ్రిడ్ కారును గూర్చి తమ విచారమును దెలిపిరి. వారు బియ్యపు వ్యాపారులు. నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదునకును, కోదాడ మీదుగా విజయవాడకును నెలలో పలుమారులు పోవుచుందురు. "కాగితం మీద లీటరుకు 27 కిలోమీటర్లని వేసినారు సారూ, మాకు 20 దాటుతలేదు. మేము మోసపోయినమా?" అని యడిగిరి. కుమారుని పైచదువునకై కూడబెట్టిన సొమ్ములో కొంత యా కారునకు వ్యయమైనదని తరువాత దెలిసినది. కావున మేమా ప్రశ్నను తేలికగా ద్రోసివేయజాలక, పదవ తరగతి బాలబాలికలతో గూడి నల్లబల్లపై లెక్క వేసితిమి.

హైబ్రిడ్ కారనగా నేమి? ఒకే బండిలో పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు, చిన్న బ్యాటరీ యను మూడును గలసి పనిచేయుట. విరివిగా తయారై అమ్మకమునకు వచ్చిన హైబ్రిడ్ కార్లలో మొదటిది టొయోటా వారి ప్రయస్. 1997 డిసెంబరులో జపానునందు వెలువడినది. మన దేశమున 2022లో హోండా సిటీ, మారుతి గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ మొదలగువాని హైబ్రిడ్ రకములు వచ్చిన పిదప మన ప్రాంతపు బాటలపై గూడ నివి కానవచ్చుచున్నవి. మామూలు కారు బ్రేకు వేసినప్పుడు దాని చలనశక్తి యంతయు వేడిగా మారి గాలిలో గలిసిపోవును. హైబ్రిడ్ కారునందు మోటారే జనరేటరై, ఆ శక్తిలో కొంత భాగమును బ్యాటరీకి మరలించును. బండి యాగినప్పుడు ఇంజనును ఆగును. పంతంగి టోలుగేటువద్ద సంక్రాంతి రద్దీలో చిక్కుకొన్నవా రెవరైనను ఈ గుణము విలువను వెంటనే గ్రహింపగలరు.

అయితే పెద్దబాటపై బ్రేకు వేయుటయే యరుదు. వేయనిచో మరలివచ్చునది లేదు. బ్యాటరీయో మిక్కిలి చిన్నది. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లోని బ్యాటరీ సుమారు 0.76 యూనిట్లు మాత్రమే. దానిని పూర్తిగా వాడుకొన్నను గంటకు 80 కిలోమీటర్ల వేగమున ఏడు కిలోమీటర్లకు మించి పోజాలము. కావున దూరప్రయాణమున బండిని లాగునది పెట్రోలే. 2010 నాటి ప్రయస్‌కు అమెరికా ప్రభుత్వమువారు ప్రకటించిన అంకెలు చూడుడు: పట్టణమున గ్యాలనుకు 51 మైళ్ళు, పెద్దబాటపై 48. మామూలు కార్లకు పెద్దబాటయే లాభము. దీనికి పట్టణమే లాభము. అయినను పెద్దబాటపై హైబ్రిడ్ నిరుపయోగమని యెంచరాదు. వీనిలో పెక్కింటియందు అట్కిన్సన్ పద్ధతి ఇంజను వాడుదురు. అది యదే పెట్రోలునుండి మామూలు ఇంజనుకంటె నెక్కువ పని రాబట్టును.

ఇక లెక్క. మనుష్యులతో గూడ 1,500 కిలోగ్రాముల బరువుగల కారనుకొందము. టైర్లు దొరలుటకు నిరోధము సుమారు 150 న్యూటనులు. ఇది వేగముతో నంతగా మారదు. గాలి నిరోధ మట్లు గాదు, వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. గంటకు 80 కిలోమీటర్లవద్ద సుమారు 234 న్యూటనులుండినచో, 100వద్ద 366 అగును. మొత్తములు 384, 516. వేగము పెరిగినది నాలుగవ వంతు, పని పెరిగినది మూడవ వంతుకు పైన! లీటరు ఇంధనములో 30 మెగాజౌళ్ళ శక్తి యుండి, అందు నూటికి 35 పాళ్ళు చక్రములకు జేరునని యెంచినచో, 80వద్ద లీటరుకు 27 కిలోమీటర్లును, 100వద్ద 20 కిలోమీటర్లును వచ్చును. తండ్రిగారి కాగితపు అంకెయు, వారి బాటపు అంకెయు రెండును నల్లబల్లపై నట్లే తేలినవి. ఒక బాలిక లేచి, "సార్, మరి బండి తప్పు కాదన్నమాట" అనగా తరగతి యంతయు నవ్వినది.

కాగితముపై నంకె ప్రయోగశాలలో రోలర్లమీద, ఏసీ నడపక, 90 కిలోమీటర్ల వేగము మించకుండ కొలిచినది. ఆ 90 యును కొద్దిసేపే. ఏసీ ఒక కిలోవాటు తీసికొన్నచో 80 వేగమున కిలోమీటరునకు 45 కిలోజౌళ్ళు. మన నాలుగు నెలల యెండలలో దానిని మానుమని యెవరికి జెప్పగలము?

లీటరుకు 30 మెగాజౌళ్ళే యేల యని యొకడు ప్రశ్నించెను. శుద్ధమైన పెట్రోలులో 32 వరకు నుండును. నేడు బంకులలో దొరకు ఇంధనమున నూటికి 20 పాళ్ళు ఇథనాలు; దాని శక్తి లీటరునకు పెట్రోలులో మూడింట రెండు వంతులు మాత్రమే. ఈ ఇథనాలును నూకలనుండి గూడ తీయుదురు. బియ్యపు వ్యాపారికి తన సరకే తన బండిలో గాలుచుండుట విన వింతగానే తోచినది.

బాట వాలు సంగతి చాలమంది మరతురు. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల యెత్తున నున్నది. విజయవాడ కృష్ణయొడ్డున పల్లమున నున్నది. అంత బరువు నంత యెత్తు కెత్తుటకు పై లెక్కనుబట్టి సుమారు ముప్పాతిక లీటరు కావలెను. కావున పోవునప్పటి అంకె చూచి సంతసింపక, వచ్చునప్పటిది చూచి క్రుంగక, రెండును గలిపి చూడవలెను. టైర్లలో గాలి తగ్గినను, కప్పుపై సామాను క్యారియరు బిగించినను నష్టమే.

తండ్రిగా రడుగని ప్రశ్న మరియొకటి గలదు: అధికముగా నిచ్చిన సొమ్ము తిరిగి వచ్చునా? హైబ్రిడ్‌కు రెండున్నర లక్షలు ఎక్కువ పెట్టితిమనుకొందము. ఏటికి 12,000 కిలోమీటర్లు. పెద్దబాటపై మామూలు కారు 16, ఇది 20 ఇచ్చినచో ఏటికి మిగులునది 150 లీటర్లు. లీటరు 108 రూపాయల చొప్పున 16,200 రూపాయలు. పదునైదేండ్లు పట్టును. పట్టణపు రద్దీలో 11కు బదులు 22 వచ్చినచో నాలుగైదేండ్లు చాలును. మెల్లగా నడపిన మామూలు కారునకును మేలే గావున ఆ లాభమును హైబ్రిడ్ ఖాతాలో వ్రాయరాదు. దీనిని వారితో జెప్పుటకు మాకు కొంత సంకోచము గలిగినది గాని చెప్పితిమి. వారు కొంతసేపు మౌనముగా నుండి, "ముందే మీ దగ్గరికి రావలసింది సారూ" అనిరి.

తరువాత వారు కుమారుని చేతికి ఒక నోటుపుస్తక మిచ్చిరి. ట్యాంకు నిండ బోయించి మీటరు అంకె వ్రాయుట, తిరిగివచ్చి అదే బంకులో మరల నిండ బోయించి పట్టిన లీటర్లను వ్రాయుట, ప్రక్కన నడపిన వేగమును వ్రాయుట – ఇవి యా బాలుని పనులు. మొదటి పుట నిండినది.