మోటారు బండి రంగును కాపాడుట

తామరాకు మీద నీరు నిలువదను మాట మన దేశమున నెఱుగనివారు లేరు. ఆకును నీట ముంచి యెత్తినను అది తడియదు. నీరు ముత్యములవలె గుండ్రనై జాఱిపోవును. ఆ యాకుపై కంటికి గానరాని సన్నని బొడిపెలును, వానిపై మైనపు పూతయు నుండుటయే యిందుకు కారణము. మోటారు బండికి మైనము పూయువారు ఈ పాఠమునే యనుసరించుచున్నారు.

మాకీ విషయమును నేర్చుకొనవలెనను కోరిక యొక పొరపాటువలన గలిగినది. మేము వాడుకొను బండి నల్లనిది. ప్రతిదినము ఉదయమున పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, దానిని మిక్కిలి శ్రద్ధగా చూచుకొనుచున్నామని సంతసించుచుంటిమి. రెండేండ్లు గడచిన పిమ్మట నొకనాడు ఎండలో నిలిపి చూడగా, సూర్యుని ప్రతిబింబము చుట్టును సాలెగూటివలె సన్నని గీతలు కానవచ్చెను. ఎవరు గీచిరని విచారింపగా, గీచినది మా గుడ్డయే యని తేలెను.

దీని కారణమును తెలిసికొనుటకు ముందు రంగు స్వరూపమును తెలిసికొనవలెను. ఇప్పటి బండ్ల ఉక్కు రేకుమీద మొదట తుప్పును నివారించు పూత, దానిపై నునుపు నిచ్చు పూత, దానిపై రంగు, అన్నిటికిని పైన రంగులేని పారదర్శకమైన పూత యుండును. ఈ కడపటి దానిని క్లియర్ కోటు అందురు. అన్ని పూతలును గలిసి సాధారణముగా 100 మొదలు 150 మైక్రానుల మందమే యుండును. మిల్లీమీటరులో వేయవ వంతు ఒక మైక్రాను. క్లియర్ కోటు సుమారు 40 లేక 50 మైక్రానులు మాత్రమే. మన తలవెండ్రుక సాధారణముగా దీనికంటె లావు. మెఱుపంతయు నింత పలుచని పొరలోనే యున్నది.

ఈ పొరకు శత్రువులు నాలుగు. మొదటిది ఎండ, దానిలోని అతినీలలోహిత కిరణములు పూతను క్రమముగా క్షీణింపజేయును. రెండవది పక్షుల రెట్ట. దానిలోని ఆమ్లము వేడి పూతను తిని మచ్చ చేయును. మూడవది సముద్రతీరపు ఉప్పుగాలి. రంగు లేచిన చోట ఉప్పును తడియు జేరినచో ఉక్కు త్వరగా తుప్పు పట్టును. నాలుగవది దుమ్ము. వీథి దుమ్ములో ఇసుక యుండును. ఇసుకలో ముఖ్యమైనది క్వార్ట్జు. 1812లో మోహ్స్ అను ఖనిజశాస్త్రజ్ఞుడు ఏర్పఱచిన కాఠిన్యపు పట్టికలో దానిది 7వ స్థానము; అది గాజును సైతము గీయగలదు. ఇక క్లియర్ కోటు మాట చెప్పవలెనా? పొడిగుడ్డతో దుమ్ము తుడుచుట ఇసుకతో రంగును తోముటయే.

మైనములలో పేరొందినది కార్నూబా మైనము. ఇది బ్రెజిలు దేశపు ఈశాన్యభాగమున పెరుగు నొక తాటిజాతి చెట్టుయొక్క ఆకులనుండి లభించును. ఎండకాలమున తనలోని తడి యావిరి గాకుండ ఆ చెట్టు ఆకులపై మైనము పూసికొనును. ఆకులను గోసి, ఎండబెట్టి, కొట్టి, మైనమును రాల్తురు. తేనెమైనము 62 మొదలు 64 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికే కరగును. కార్నూబా 82 మొదలు 86 డిగ్రీల వఱకు నిలుచును. మన యెండలో నల్లని బండి రేకు 60 డిగ్రీలను మించుట కలదు గనుక, ఈ భేదము మనకు ముఖ్యము.

ఇక పద్ధతి. బండిని నీడలో నిలిపి, రేకు చల్లబడిన తరువాత, ముందుగా ధారాళమైన నీటితో దుమ్మును పోగొట్టవలెను. రెండు బాల్చీలు దగ్గఱ నుంచుకొని, ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీరును, రెండవదానిలో వట్టి నీరును పోయవలెను. మెత్తని గుడ్డతో పైకప్పు మొదలు క్రిందికి కడుగుచు, ప్రతిసారియు గుడ్డను వట్టి నీట జాడించి, పిమ్మటనే షాంపూ నీట ముంచవలెను. చక్రములు కడిగిన గుడ్డను రంగుపై వాడరాదు. వంటపాత్రలు తోము సబ్బు పాత మైనమును తొలగించును, అదియు తగదు. కడిగి, మైక్రోఫైబరు గుడ్డతో తడి యొత్తి, పిమ్మట స్పాంజితో మైనమును మిక్కిలి పలుచగా పూయవలెను. అది మసకగా నారిన తరువాత శుభ్రమైన గుడ్డతో తేలికగా తుడువవలెను. మందముగా పూసినచో నెక్కువ లాభము లేదు. మిగిలినదంతయు గుడ్డ పాలగును.

పాలిషును మైనమును ఒకటిగా నెంచరాదు. పాలిషు రంగును కొంచెము అరగదీసి గీతలను తగ్గించును. మైనము రంగుపై నిలిచి దానికి బదులు తానరుగును. కావున మైనమును మఱల మఱల పూయవలెను. మన యెండలో అది రెండు మూడు నెలలకు మించి నిలుచుట అరుదు. నీరు ముత్యములుగా నిలువక పలుచగా పఱచుకొన్న దినమున మైనము తీఱినదని గ్రహింపవలెను.

విద్యార్థులు దీనిని ఇంటివద్ద పరీక్షింపవచ్చును. రెండు గాజు పలకలను కడిగి, ఒకదానికి మైనము రుద్ది, రెంటిపై నొక్కొక్క నీటిబొట్టు వేయుడు. భేదము కన్నులకే తెలియును.

మా విద్యార్థులలో కొందఱి తండ్రులు అప్పు చేసి టాక్సీ కొని కుటుంబమును పోషించుచున్నారు. వారికి బండి రంగు వట్టి సొగసు గాదు. అమ్ముకొను దినమున దాని విలువలో నొక భాగము. తండ్రికి సాయపడవలెనని తెల్లవాఱకముందే గుడ్డ చేతబట్టు బాలుడు ముందు నీరు తేవలెను. శ్రద్ధ మంచిదే, తెలివి తోడు లేని శ్రద్ధ యెట్టి గీతలు గీయునో మా బండి నేటికిని చూపుచున్నది.