బొమ్మల కొలువు - కథల నెలవు

శరన్నవరాత్రములు వచ్చినవనగా ప్రొద్దుటూరు పట్టణము రూపు మారిపోవును. అమ్మవారిశాలలో శ్రీ వాసవీ కన్యకాపరమేశ్వరికి దినమునకొక అలంకారము, వీథులయందు దీపతోరణములు, విజయదశమినాడు మెరవణి. ఆ వైభవమును కన్నులార చూచుటకు జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండియు జనము తండోపతండములుగా వత్తురు. దసరా విషయమున ప్రొద్దుటూరును రెండవ మైసూరని చెప్పుకొనుట పెద్దలనుండి వచ్చిన వాడుక. వీథిలో ఇంత సందడి జరుగుచుండగా గృహములలో మరియొక ఉత్సవము నెమ్మదిగా సాగుచుండును. అదియే బొమ్మల కొలువు. కోస్తా జిల్లాలలో ఎక్కువగా సంక్రాంతికి పెట్టు ఈ కొలువును రాయలసీమలో దసరాకు పెట్టుట ఆచారము.

మూడో, ఐదో, ఏడో, తొమ్మిదో మెట్లు కట్టి, వానిపై తెల్లని వస్త్రము పరచి, కలశము నుంచి, బొమ్మలను వరుసగా నిలుపుదురు. పై మెట్లపై దేవతామూర్తులు, నడుమ అవతారములు, పురాణపురుషులు, క్రింది మెట్లపై శెట్టి దంపతులు, కాపువాండ్రు, సంత, పెండ్లి ఊరేగింపు. సాయంకాలము పేరంటాండ్రు వత్తురు. పాటలు, హారతి, శనగలు, తాంబూలము ముగియును. ఆ సమయమున ఒక చిన్నపిల్ల ఏ బొమ్మనో చూపి "ఇది ఎవరమ్మా?" అని అడిగినచో వచ్చు సమాధానమేమి? "అది కొండపల్లిలో కొన్నాము", "దానికి ఇంత అయినది" అనియే పెక్కు తావుల వినబడుచున్నది. బొమ్మ ఇంటికి వచ్చినది, కథ రాలేదు. ఈ లోపమును గూర్చి కొంత విచారింపవలసియున్నది.

ముందుగా బొమ్మ అను మాటకు సంస్కృతమునగల పేర్లను చూతము. వస్త్రముతోను, దంతము మొదలగువానితోను చేసిన బొమ్మకు అమరకోశము పాంచాలిక, పుత్రిక అను రెండు పేర్లు చెప్పినది. పుత్రిక యనగా కూతురు. ఆడపిల్ల తన బొమ్మను ఒడిలో పెట్టుకొని లాలించి, దానికి చీర కట్టి, పెండ్లి చేయును. కూతునకు కన్నవారు అన్నవస్త్రములతోపాటు పేరును, వంశమును, నడవడిని ఇత్తురు. ఇల్లు చేరిన బొమ్మకును అంతయే. దాని పేరు, దాని వంశము, దాని నడవడి అనునవే దాని కథ.

మహాభారతము విరాటపర్వమున బొమ్మల ప్రసక్తి యొకటి మిక్కిలి మనోహరముగా వచ్చును. ఉత్తరగోగ్రహణ సమయమున బృహన్నల సారథియై బయలుదేరుచుండగా రాజపుత్రి యగు ఉత్తర, ఆమె చెలికత్తెలు ఒక కోరిక కోరిరి. భీష్మద్రోణాది కురువీరులను జయించి వచ్చునప్పుడు వారి రంగురంగుల సన్నని వస్త్రములను తమ బొమ్మలకై తెమ్మనిరి. అర్జునుడు నవ్వి అంగీకరించెను. యుద్ధమున సమ్మోహనాస్త్రముచే కౌరవవీరులు మైమరచి పడియుండగా ఆ మాట అతనికి జ్ఞప్తికి వచ్చెను. ద్రోణ కృపుల తెల్లని వస్త్రములను, కర్ణుని పచ్చని వస్త్రమును, అశ్వత్థామ దుర్యోధనుల నీలి వస్త్రములను తెమ్మని ఉత్తరకుమారుని పంపెను. భీష్మునకు ఆ అస్త్రమునకు ప్రతిక్రియ తెలియును గనుక ఆయన చెంతకు పోవలదని హెచ్చరించెను. అంత ఘోరసంగ్రామమునందును ఒక బాలిక బొమ్మలకు ఇచ్చిన మాట మరువని వీరుడు అర్జునుడు. కొలువులో అర్జునుని బొమ్మను నిలుపువారు గాండీవముతోపాటు ఈ కథను గూడ పిల్లలకు చూపవలెను.

బొమ్మకును కథకును గల సంబంధమును ఇంతకంటె స్పష్టముగా తెలుపునది విక్రమార్కుని సింహాసనము కథ. కొఱవి గోపరాజు సింహాసనద్వాత్రింశికగా దానిని తెలుగు చేసెను. భూమిలో మరుగుపడిన సింహాసనమును భోజరాజు వెలికి తీయించి, దానిపై కూర్చుండబోగా దానియందలి ముప్పదిరెండు సాలభంజికలు ఒక్కొక్కటిగా అతనిని ఆపును. ప్రతి బొమ్మయు విక్రమార్కుని ఔదార్యసాహసములు తెలుపు కథ నొకదానిని చెప్పి, అట్టి గుణము నీయందున్న యెడల ఈ పీఠము నెక్కుమని పలుకును. ఆ బొమ్మలు శాపగ్రస్తలైన దివ్యాంగనలు. తమ కథలను భోజునకు వినిపించిన పిదప వారికి శాపవిమోచనమయ్యెను.

ఇందలి అంతరార్థమును గృహస్థులు గ్రహింపవలెను. కథ చెప్పునంతవరకు బొమ్మ బొమ్మగనే పడియుండును. కథ చెప్పబడిననాడు అది ప్రాణముగల వ్యక్తి యగును. చెప్పని కథ బొమ్మకు శాపము; చెప్పిన కథ విమోచనము. ఇంటిలోని కొలువు మెట్లును ఆ సింహాసనము వంటివే. ప్రతి మెట్టునను ఒక బొమ్మ నిలిచి "నా కథ తెలియునా? నాయందలి గుణము నీయందు కలదా?" అని అడుగుచునే యుండును. కొలువు అను మాటకు రాజసభ యని అర్థము. సభలో ప్రవేశించినవారి పేరును బిరుదును చాటుటకు వందిమాగధులుందురు. ఈ కొలువునకు వందిమాగధులు ఆ ఇంటి పెద్దలే. వారు మౌనము వహించిన యెడల సభలోనివారు ఎవరో తెలియకుండ పోవుదురు.

ఒక బొమ్మను చూచినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసికొనుట మంచి పద్ధతి. ఇది ఎవరు? దేనినిబట్టి గుర్తించుట? ఇది కథలో ఏ సందర్భము? ఇందువలన తెలిసికొనదగిన ధర్మమేమి? ఈ నాలుగింటి ప్రయోజనము ఒక ఉదాహరణమువలన తేటపడును.

నడుము వంగిన స్త్రీ బొమ్మ ఒకటి పాతపెట్టెలో దొరకినదనుకొందము. చేతిలోని వస్తువు విరిగిపోయినది. ఆమె ఎవరు? చేతిలో ఫలముల పాత్ర యుండెనేని ఆమె పంపాతీరమున మతంగాశ్రమములో రామునికై ఎదురుచూచిన శబరి. గంధపు గిన్నె యుండెనేని మథురలో కంసునకు మైపూతలు కొనిపోవు కుబ్జ. ఆమె పాదములపై తన పాదము మోపి, రెండు వ్రేళ్లతో గడ్డము నెత్తి కృష్ణుడు ఆమె వంకరలను తీర్చెను. కైకేయి చెంత నిలిచినదేని ఆమె మంథర. మువ్వురును నడుము వంగినవారే. ఒకతె నిరీక్షణకు, ఒకతె అనుగ్రహమునకు, ఒకతె దుర్బోధకు గుర్తు. కథ తెలియని ఇంట మంథరకు పూలు పెట్టి శబరిని మూలకు నెట్టుట జరుగవచ్చును. బొమ్మ విరిగినను కథ తెలిసినవారు దానిని నిలుపగలరు. కథ విరిగిన యెడల బొమ్మ ఎంత చక్కగానున్నను ప్రయోజనము లేదు.

కథ చెప్పువారు మూలమును గూడ ఎరిగి చెప్పుట మేలు. శబరి ఒక్కొక్క పండును కొరికి రుచి చూచి ఇచ్చెననుట లోకమున మిక్కిలి ప్రసిద్ధము. వాల్మీకి రామాయణమున ఆ ఎంగిలి ప్రసక్తి లేదు. రామునికొరకు వన్యఫలములను కూర్చియుంచితినని మాత్రమే ఆమె చెప్పును. అంతమాత్రమున జనులు చెప్పుకొను కథ త్రోసిపుచ్చదగినది కాదు. వాల్మీకి చెప్పినది ఇది, భక్తులు ప్రేమతో చేర్చుకొన్నది అది యని రెండింటిని వేరువేరుగా చెప్పినచో పిల్లలకు సత్యమునందును భక్తియందును గౌరవము కలుగును.

బొమ్మను గుర్తించుటకు ఉన్న చిహ్నమేకాక లేని చిహ్నమును గూడ చూడవలెను. ఇందులకు కడప జిల్లాయే పాఠశాల. ఒంటిమిట్ట కోదండరామాలయమున సీతారామలక్ష్మణులు ఒకే శిలయందు వెలసియున్నారు. గర్భాలయమున హనుమంతుడు లేడు. రామునకు హనుమంతునితో సమాగమము కాకమునుపటి మూర్తులు గనుక ఇట్లున్నవని స్థలకథ. 2015నుండి రాష్ట్రప్రభుత్వము పక్షమున శ్రీరామనవమి ఉత్సవములు జరుగుచున్న ఈ క్షేత్రమునకు వేలాది జనము పోవుచున్నారు. వారిలో ఏ బాలుడైనను "హనుమంతుడు ఏడి?" అని అడిగిన యెడల ఆ ప్రశ్నయే సగము రామాయణమునకు ద్వారమగును.

పులివెందుల ప్రాంతమువారికి ఇంతకంటె దగ్గరలో మరియొక దృష్టాంతము కలదు. వేంపల్లె చెంత పాపాఘ్నీ నది కొండలను చీల్చుకొని వచ్చు తావున గండి వీరాంజనేయ క్షేత్రమున్నది. వాయుదేవుని ఆతిథ్యమునకు వచ్చిన శ్రీరాముడు బాణపు మొనతో రాతిపై హనుమంతుని రూపమును గీసెననియు, చిటికెనవ్రేలు మాత్రము మిగిలిపోయెననియు, పిమ్మట ఒక శిల్పి దానిని పూర్తిచేయబోగా రక్తము స్రవించెననియు స్థలకథ. శ్రావణమాసపు శనివారములలో అచటికి పోవు భక్తులకు ఆ కథ కంఠస్థము. తెలియనివాడు దానిని లోపమనును. తెలిసినవాడు చేతులు జోడించును. కంటికి కనబడు రూపము ఒక్కటియే. చూపు మారుటకు కారణము కథ.

జమ్మలమడుగునకు చేరువనున్న గండికోట ఇందులకు మరియొక విధమైన సాక్ష్యము. 1650లో మీర్ జుమ్లా ఆ దుర్గమును పట్టుకొనెను. పెన్న లోయ అంచున మాధవరాయని ఆలయము, రంగనాథుని ఆలయము నేటికిని నిలిచియున్నవి. గర్భాలయములలో మూలమూర్తులు మాత్రము లేవు. అయినను జనము వానిని పేరు మరువక రంగనాథాలయమనియు, మాధవరాయాలయమనియు పిలుచుచునే యున్నారు. అచట మూర్తి పోయినది, పేరు నిలిచినది. ఇండ్లలో జరుగుచున్నది దీనికి విపరీతము. మూర్తి నిలిచినది, పేరు పోవుచున్నది. మొదటిది పరులు చేసిన నష్టము. రెండవది ఇంటివారు ఏమరుపాటున చేసికొనుచున్న నష్టము.

బొమ్మ చేసినవారి కథయు వినదగినదే. విజయవాడకు సమీపమునగల కొండపల్లిలో తేలికయగు పొణికి కర్రతో అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేయుదురు. ఏటికొప్పాకవారు అంకుడు కర్రను తరిమెన పట్టి లక్కరంగు లద్దుదురు. తిరుపతిలో రక్తచందనముతో రాజారాణుల జంటను చేయుట పాతవాడుక. ఆ చందనవృక్షము కడప జిల్లా కొండలయందు సహజముగా పెరుగునదే. పులివెందులకు పడమట ధర్మవరము ప్రాంతపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయు కుటుంబములున్నవి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. తోలుబొమ్మలాటలో బొమ్మ ఎన్నడును మూగగా నిలువదు. ఆడించువాడే పాడును, పలుకును. రామరావణులతోపాటు జుట్టుపోలిగాడు, బంగారక్క కూడ నవ్వించుచు కథను నడపుదురు. కొలువు పెట్టు ఇల్లాలికి ఈ కళాకారులే గురువులు.

ఇక గృహములలో ఆచరింపదగినది చెప్పవలసియున్నది. బొమ్మలు సాధారణముగా అత్తనుండి కోడలికి, తల్లినుండి కూతునకు సంక్రమించును. పాతచీరల పేలికలలో చుట్టి పెట్టెలో పెట్టుదురు. వాని పేర్లు మాత్రము అవ్వ నోటనే యుండును. అవ్వ గతించిన ఏటనే సగము బొమ్మలు అనామకములగును. కనుక ఆమె ఉండగనే ప్రతి బొమ్మకు ఒక కాగితపు ముక్క వ్రాసి దానితోపాటు చుట్టియుంచవలెను. అందు ఈ బొమ్మ ఎవరు, ఏ కథలోనివారు, ఎవరు ఏ యేట తెచ్చిరి అను మూడు విషయములున్న చాలును. అవ్వ చెప్పుచుండగా మనుమరాలు వ్రాయుట ఉత్తమము. వ్రాసిన చేయి మరువదు.

నవరాత్రములలో దినమునకొక్క బొమ్మనైనను చేతికి తీసికొని, హారతికి ముందు దాని కథను చెప్పవలెను. తొమ్మిది దినములకు తొమ్మిది కథలు, పదేండ్లకు తొంబది. ఏటేట ఒక క్రొత్త బొమ్మను చేర్చు ఆచారము గలవారు, కథ తెలిసిన పిదపనే బొమ్మను కొనెదమని నియమము పెట్టుకొనవచ్చును. బొమ్మలు కొన శక్తి లేనివారు చిన్నబుచ్చుకొన నక్కరలేదు. మూడు మెట్లు, ఒక మట్టి గణపతి, ఒక కథ చాలును. నూరు బొమ్మలుండి ఒక్క కథయు లేని కొలువుకంటె అదియే నిండుకొలువు.

ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు ప్రసిద్ధి గన్న ఊరు. అచట ఎంత మెరయు నగనైనను గీటురాయిపై గీయక విలువ కట్టరు. బొమ్మకు గీటురాయి కథ. వచ్చు విజయదశమినాడు కొలువు ఎత్తునప్పుడు ఆచారము చొప్పున ఒక బొమ్మను పరుండబెట్టి, మిగిలినవానిని పెట్టెలో సర్దుచు, ఒక్కొక్కదాని పేరు పలికి చూడవలెను. పేరు పలుకలేని బొమ్మ ఏదైన చేతికి వచ్చినచో దానిని వెంటనే చుట్టివేయక, అవ్వ దగ్గరకు కొనిపోయి అడుగవలెను. ఆమె చెప్పుటకు సిద్ధముగనే యుండును, అడుగువారికై ఎదురుచూచుచుండును.