మాత్రల ఖర్చు కూడా ఆపరేషన్ ఖర్చే, చెల్లీ

ఈ నెల బరువు తగ్గే ఆపరేషన్ గురించి మాట్లాడుకుందాం. చేయించుకోవాలా వద్దా అన్నది మీరూ మీ డాక్టరూ కూర్చుని తేల్చుకునే సంగతి. నా మాటంతా ఆ తర్వాతి సంసారం గురించే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి బెంగళూరు పోయి ఆపరేషన్ చేయించుకునేవాళ్లు ఆసుపత్రి బిల్లు, గది అద్దె, రానుపోను చార్జీలు అన్నీ లెక్కేసుకుంటారు. బతికినన్నాళ్లూ మింగాల్సిన విటమిన్ మాత్రల ఖర్చు మాత్రం ఆ కాగితం మీదికి ఎక్కదు. ఇంట్లో డబ్బు బిగుసుకున్న నెలలో మొదట ఆగిపోయేవి కూడా అవే. "సన్నబడింది కదా, ఇంకా మాత్రలెందుకు?" అంటారు. ఎందుకో చెప్తాను, ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి.

స్లీవ్ అనే రకం ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని నూటికి డెబ్బై ఐదు, ఎనభై వంతుల దాకా తీసేస్తారు. బైపాస్ అనే రకంలో చిన్న సంచంత మిగిల్చి, చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించి కిందికి కలుపుతారు. ఐరన్, కాల్షియం ఒంటికి ఎక్కువగా పట్టేది ఆ మొదటి భాగంలోనే. బి12 పట్టాలంటే జీర్ణాశయం గోడల్లో ఊరే ఒక పదార్థం కావాలి. గోడ తగ్గితే ఊరేదీ తగ్గుతుంది. తినేది చూస్తే గుప్పెడు. రాగిముద్ద మంచిదే. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కానీ రోజుకు కావాల్సింది 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు. అన్ని రాగులు తినే చోటు ఇప్పుడు కడుపులో లేదు.

ఇంకో సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువ. అంటే చాలామందిమి లోటుతోనే ఆపరేషన్ బల్ల ఎక్కుతాం. అందుకే ఐరన్, బి12, విటమిన్ డి పరీక్షలు ఆపరేషన్‌కు ముందే చేయించుకోవాలి.

ఇక మోతాదులు. అమెరికాలో బరువు తగ్గే ఆపరేషన్లు చేసే (బేరియాట్రిక్) వైద్యుల సంఘం 2016లో సవరించిన సూచనల ప్రకారం నెలసరి వచ్చే ఆడవాళ్లకు రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. విటమిన్ డి 3000 యూనిట్లు, బి1 కనీసం 12 మిల్లీగ్రాములు. బి12 రోజూ మాత్రగా అయినా సరే, నెలకొక 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్‌గా అయినా సరే. మీ ఒంటికి ఎంతన్నది మీ రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్తారు.

మందుల షాపులో ఏం చూడాలో చెప్తా. కాల్షియం డబ్బా మీద "కాల్షియం సిట్రేట్ 1000" అని పెద్దక్షరాలతో ఉంటుంది. అందులో అసలు కాల్షియం 210 మిల్లీగ్రాములే. వెనకాల సన్నక్షరాల్లో "ఎలిమెంటల్ కాల్షియం" అని ఉండేదే మన లెక్క. ఒక్కో మాత్రలో 250 ఉంటే రోజుకు ఐదారు కావాలి, నెలకు 150 నుంచి 180. అదే 500 ఉంటే రోజుకు మూడు, నెలకు 90. స్ట్రిప్ ధర చూసి ఇది చవక అనుకోవద్దు, నెలకు ఎన్ని స్ట్రిప్పులో అడిగి అప్పుడు పోల్చుకోండి. కార్బొనేట్ రకం చవకే కానీ, అది ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి. సిట్రేట్‌కు ఆ ఇబ్బంది లేదు. అందుకే ఆపరేషన్ అయినవాళ్లకు ఎక్కువగా సిట్రేటే రాస్తారు.

ఖర్చు తగ్గే దారులు ఉన్నాయి. మందు పేరు జెనరిక్‌లో రాయమని డాక్టరును అడగండి. జన ఔషధి కేంద్రాల్లో చాలా మందులు బ్రాండ్ ధరలో సగానికీ, అంతకన్నా తక్కువకీ దొరుకుతాయి. దగ్గర్లోని కేంద్రం, మందు ధర "జనౌషధి సుగమ్" యాప్‌లో చూసుకోవచ్చు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. దాన్ని ఏఎన్ఎంను అడిగి తీసుకుని, రోజూ వాడొచ్చా అని మీ సర్జన్‌కు చూపించండి. రంగురంగుల జెల్లీ విటమిన్ల మీద మాత్రం డబ్బు పొయ్యకండి, చాలావాటిలో ఐరనే ఉండదు. మూడో నెలకు జుట్టు రాలిందని బయోటిన్ డబ్బాలు కొనేస్తుంటారు. బరువు గబగబా తగ్గినప్పుడు జుట్టు రాలడం మామూలే. ముందు ప్రొటీన్, ఐరన్, జింక్ సరిపోతున్నాయేమో చూసుకోండి.

వేళలు కూడా ముఖ్యమే. ఐరన్, కాల్షియం కలిపి మింగితే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. కాల్షియం ఒక్క విడతకు 500, 600 మించి పట్టదు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి షిఫ్టులో పోయే చెల్లెలైతే, లేవగానే నిమ్మరసంతో ఐరన్ వేసుకుని, టీ గంట రెండు గంటల తర్వాత తాగొచ్చు. కాల్షియం మాత్రలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుంటే మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకునే ముందు ఒకటి. షిఫ్టు మారితే వేళలు జరపండి, ఎడం మాత్రం తగ్గించొద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా దిగులు పుట్టించే మాట. బి12 మన కాలేయంలో నిల్వ ఉంటుంది. మాత్రలు ఆపిన రెండు మూడేళ్ల దాకా లోటు బయటపడకపోవచ్చు. "ఆపినా ఏమీ కాలేదే" అన్న ధైర్యం అక్కడే పుడుతుంది. ధర్మవరంలో పొద్దస్తమానం గుంటమగ్గం మీద కూర్చుని కాళ్లతో తొక్కే చెల్లెలికి అరికాళ్లు తిమ్మిరెక్కితే మగ్గం వల్లే అనుకుంటుంది. ఇంట్లోవాళ్లూ అదే అంటారు. అది బి12 లోటు అయ్యుండొచ్చు. ఆలస్యమైతే నరాలకు తగిలిన దెబ్బ పూర్తిగా మానకపోవచ్చు. ఆపరేషన్ అయినవాళ్లు తిమ్మిరినీ, నడకలో తూలుడునీ పని మీదికి నెట్టొద్దు, వెంటనే పరీక్ష చేయించుకోండి.

బి1 నిల్వ కొన్ని వారాలే ఉంటుంది. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకపోతే ప్రమాదం. మనవైపు నీరసమంటే చాలు, గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. బి1 లేని ఒంటికి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే ముప్పు రావచ్చు. అందుకే ఎవరి దగ్గరికి పోయినా ముందు "నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది, వాంతులు అవుతున్నాయి, గ్లూకోజ్ కన్నా ముందు బి1 ఇవ్వండి" అని చెప్పండి. మీకు నోరు రాకపోతే పక్కనున్నవాళ్లు చెప్పాలి. ఆ మాట రాసిన చీటీ పర్సులో ఉండనివ్వండి.

బిడ్డ కావాలనుకునే చెల్లెళ్లు ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర ఆగి, రక్తపరీక్షలు చూపించుకుని అప్పుడు ప్రయత్నించండి. మొదటి ఏడాది మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల, ఆ తర్వాత ఏటా ఒకసారి పరీక్ష తప్పదు. రక్తం మన ఊళ్లోనే ఇచ్చి, రిపోర్టు ఫోన్లో పంపించవచ్చేమో మీ ఆసుపత్రిని అడగండి. ఒప్పుకుంటే బెంగళూరు చార్జీలు కొన్ని మిగులుతాయి.

అత్తమ్మలకూ అన్నయ్యలకూ ఒక మాట. ఇంట్లో బీపీ మాత్ర ఆపమని ఎవరికీ చెప్పం కదా, ఈ మాత్రలూ అలాంటివే. ఆపరేషన్‌కు ఒప్పుకునే రోజే నెలకు మాత్రలకెంత, ఏడాదికి పరీక్షలకెంత అని డాక్టరును అడిగి రాయించుకోండి. ఆ డబ్బు నెలనెలా తీయగలమా అని ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి. తీయలేమనిపిస్తే డబ్బు కూడేదాకా ఆపరేషన్‌ను వాయిదా వేయండి, తప్పేం లేదు. చేయించాక మాత్రం సరుకుల చీటీలో బియ్యం, నూనె కింద మూడో వరుస ఈ మాత్రలదే.