చనుమొన నుంచి స్రావం: ఏ పరీక్ష ఎందుకు?

మన ఇళ్లలో అమ్మలు, అక్కచెల్లెళ్లు పైకి చెప్పుకోవడానికి మొహమాటపడే ఒక విషయాన్ని ఈసారి ఆరోగ్య శీర్షికకు తీసుకున్నాం. పాలిచ్చే రోజులు కాకపోయినా చనుమొన నుంచి స్రావం రావడం గురించి. మేము డాక్టర్లం కాము, వాలంటీర్లం. ఏ పరీక్ష ఎందుకు రాస్తారో తెలిస్తే భయం తగ్గుతుంది, ఆలస్యమూ తగ్గుతుంది.

ఇలా స్రావం వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి కారణం క్యాన్సర్ కాదు. నొక్కితేనే, రెండు వైపులా, చాలా రంధ్రాల నుంచి పాలలాగానో ఆకుపచ్చగానో వస్తే సాధారణంగా కంగారు అక్కర్లేదు. నొక్కకుండానే, ఒకే వైపు, ఒకే రంధ్రం నుంచి నీళ్లలాగానో రక్తంతోనో వస్తే మాత్రం వాయిదా వేయకూడదు. మగవాళ్లకైతే ఎలాంటి స్రావం వచ్చినా చూపించుకోవాల్సిందే.

డాక్టర్ ముందుగా రంగు, ఏ వైపు, ఎప్పటి నుంచి అని అడుగుతారు. రొమ్మును, చంకను తడిమి గడ్డ ఉందేమో చూస్తారు. వాడే మందులన్నీ చెప్పండి. ఇండియా నుంచి తెచ్చుకున్న డాంపెరిడోన్ లాంటి వాంతుల మందులు, కొన్ని మానసిక వైద్యపు మందులు కూడా పాలలాంటి స్రావానికి కారణం కావచ్చు. రెండు వైపులా పాలలా వస్తుంటే గర్భ పరీక్ష, ప్రోలాక్టిన్, థైరాయిడ్ రక్తపరీక్షలు చేయిస్తారు.

అనుమానించే రకమైతే స్కానింగ్‌లు మొదలవుతాయి. 30 ఏళ్ల లోపు వారికి ముందు అల్ట్రాసౌండ్, 40 దాటిన వారికి మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్ చేయడం మామూలు. మధ్య వయసు వారికి ఏది ముందో డాక్టర్ నిర్ణయిస్తారు. మామోగ్రామ్‌లో సన్నటి సున్నపు చుక్కలు కనిపిస్తాయి. అల్ట్రాసౌండ్‌లో చనుమొన వెనుక పాలనాళాలు కనిపిస్తాయి. రక్తస్రావానికి తరచుగా కనిపించే కారణం నాళంలో పెరిగే పాపిలోమా అనే చిన్న కండ. ఇది చాలావరకు క్యాన్సర్ కాదు.

మరీ ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. "మామోగ్రామ్ నార్మల్ అన్నారు కదా" అని ఆగిపోకూడదు. నాళంలో ఉన్న చిన్న మార్పు మామోగ్రామ్‌కు అందకపోవచ్చు. స్రావపు చుక్కను పరీక్షిస్తే ఏమీ లేదని వచ్చినా అదీ పూర్తి భరోసా కాదు. స్రావం ఆగకపోతే కాంట్రాస్ట్ మందు ఎక్కించి చేసే ఎమ్మారై, లేదా నాళంలోకే ఆ మందు పంపి తీసే డక్టోగ్రామ్ ఉన్నాయి. ఏదైనా కనిపిస్తే సూదితో ముక్క తీసి బయాప్సీ చేస్తారు. కొందరికి ఆ నాళాన్నే తీసేయాల్సి రావచ్చు.

ఇక్కడ అమెరికాలో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే లక్షణం చెప్పండి. అప్పుడది ఏటా చేసే స్క్రీనింగ్ కాదు, డయాగ్నస్టిక్ మామోగ్రామ్ అవుతుంది. దీనికి కోపే ఉండవచ్చు కాబట్టి ఇన్సూరెన్స్ వారిని ముందే అడగండి. పాత ఫిల్ములు, రిపోర్టులు ఉంటే వెంట తీసుకెళ్లండి, పోల్చి చూస్తారు. ఇంట్లో మాటిమాటికీ నొక్కి చూసుకోవద్దు, దానివల్ల స్రావం పెరుగుతుంది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మగారో అత్తగారో పిల్లలకు ఖర్చు ఎందుకని ఇలాంటివి దాచుకుంటారు. ఈ పేజీ వాళ్ల చేతికివ్వండి. మాట వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు.