తాత్కాలిక ఉద్యోగ వీసాపై సరిహద్దు దాటేటప్పుడు: వీసా గడువు వేరు, ఉండే గడువు వేరు



ఈ శీర్షికలో ఎక్కువగా ప్రవేశ పరీక్షలు, ఫీజు రాయితీలు, విద్యా రుణాల గురించే రాసుకుంటాం. ఈసారి విషయం చదువు అయిపోయాక ఎదురయ్యేది. బెంగళూరు, చెన్నై, బరంపురం, షోలాపూర్, యానాం, ఎక్కడి మన పిల్లలైనా సరే, అమెరికాలో ఎమ్మెస్ ముగించి ఉద్యోగంలో చేరాక ఇంటి నుంచి మొదట వచ్చే ప్రశ్న "ఎప్పుడొస్తున్నావు?" అనే. ఉద్యోగం ఉంది, వీసా ఉంది, సెలవు పెట్టి చెల్లెలి పెళ్లికి రావడానికి అడ్డమేమిటని పెద్దవాళ్లు అనుకుంటారు. ఆ అడ్డం ఏమిటో తెలుసుకోవడమే ఈ పాఠం. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి. ఒక్కో దేశానికి ఒక్కో నిబంధన ఉంటుంది కాబట్టి, మనవాళ్లు ఎక్కువమంది వెళ్లే అమెరికా హెచ్-1బి వీసాకే ఇక్కడ పరిమితమవుదాం.

ముందుగా మూడు కాగితాలను వేరుగా గుర్తు పెట్టుకోవాలి. మొదటిది ఐ-797. కంపెనీ వేసిన పిటిషన్‌ను అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ ఆమోదించినట్టు ఇచ్చే పత్రం ఇది. ఒక్కో విడతకు మూడు సంవత్సరాలకు మించకుండా ఇస్తారు. రెండవది పాస్‌పోర్టులో అంటించే వీసా. దీన్ని ఇచ్చేది అమెరికా విదేశాంగ శాఖకు చెందిన కాన్సులేట్. ఆ దేశపు గుమ్మం దాకా వెళ్లి, లోపలికి రానివ్వమని అడగడానికి మాత్రమే ఇది అనుమతి. మూడవది ఐ-94. సరిహద్దులో లేదా విమానాశ్రయంలో అధికారి మనల్ని లోపలికి పంపేటప్పుడు ఏ తేదీ వరకు ఉండవచ్చో రాసే నమోదు ఇది. పూర్వం దీన్ని తెల్లని చిన్న కార్డుగా పాస్‌పోర్టుకు పిన్ను కొట్టి ఇచ్చేవారు. 2013 నుంచి విమానంలో, ఓడలో వచ్చేవారికి ఇది కంప్యూటర్ నమోదుగా మారింది. కార్డు చేతికి రాదు కాబట్టి చాలామంది దాన్ని చూడనే చూడరు. ప్రమాదమంతా ఇక్కడే మొదలవుతుంది.

లోపల ఉన్నంతకాలం వీసా గడువు తీరిపోయినా ఇబ్బంది లేదు. ఐ-94 గడువు తీరితే మాత్రం పెద్ద ఇబ్బందే. సరిహద్దు దాటి లోపలికి వచ్చిన ప్రతిసారీ సాధారణంగా కొత్త ఐ-94 పుడుతుంది. చిట్టచివరగా ఇచ్చినదే చెల్లుతుంది. దానికన్నా ముందు ఇచ్చిన పత్రంలో ఎంత దూరపు తేదీ ఉన్నా లెక్కలోకి రాదు.

ఒక లెక్క చేసి చూద్దాం. ఒకబ్బాయికి ఐ-797 లో 2028 సెప్టెంబరు 30 వరకు అనుమతి ఉంది, వీసా కూడా అంతవరకే. అతని పాస్‌పోర్టు గడువు మాత్రం 2027 మార్చి 10. సెలవు ముగించుకుని తిరిగి వెళ్లినప్పుడు విమానాశ్రయ అధికారి పాస్‌పోర్టు తేదీ చూసి, ఐ-94 ను 2027 మార్చి 10 తో ఆపేశాడు. ఇలా ఆపడం మామూలుగా జరిగేదే. అబ్బాయి 2028 తేదీనే మనసులో పెట్టుకుని, మధ్యలో పాస్‌పోర్టు కొత్తది చేయించుకుని, నిశ్చింతగా పనిచేసుకుంటున్నాడు. పాస్‌పోర్టు మారినంత మాత్రాన ఐ-94 దానంతట అది మారదు. మార్చి 11 నుంచి అతను అనుమతి లేకుండా ఉన్నట్టే, పనిచేస్తున్నట్టే. సెప్టెంబరు 6 నాటికి 180 రోజులు నిండుతాయి. అది తెలియక దీపావళికి ఇంటికి బయలుదేరాడనుకోండి. 180 రోజులు దాటి, సంవత్సరం లోపు అనుమతి లేకుండా ఉండి దేశం విడిచినవారికి మూడు సంవత్సరాలు మళ్లీ ప్రవేశం లేదు. సంవత్సరం, ఆపైన అయితే పది సంవత్సరాలు. ఇది 1996 నాటి చట్టం. అంత దాకా పోనక్కరలేదు, ఐ-94 తేదీ ఒక్క రోజు దాటినా పాస్‌పోర్టులోని వీసా చెల్లకుండా పోతుంది.

ఈ శిక్ష గడువు దాటిన రోజున కాక, దేశం విడిచిన రోజున అమలులోకి వస్తుందని గమనించండి. అమ్మానాన్నలను చూడటానికి విమానం ఎక్కడమే తలుపు మూసుకుపోవడానికి కారణమవుతుంది. నా అభిప్రాయంలో ఇమ్మిగ్రేషన్ చట్టాల్లో ఇంత నిశ్శబ్దంగా దెబ్బ కొట్టే నిబంధన మరొకటి లేదు. దీని నివారణకు ఖర్చు కూడా లేదు. అమెరికాలో దిగిన రోజే సరిహద్దు శాఖ వెబ్‌సైటులో ఐ-94 తెరిచి, తేదీ చూసి, ఒక కాపీ ప్రింటు తీసుకోవాలి. తేదీ తక్కువగా ఉంటే, ఆ గడువు లోపలే కంపెనీ లాయరు చేత పొడిగింపు వేయించాలి. లేదా కొత్త పాస్‌పోర్టుతో, చెల్లే వీసాతో మరోసారి బయటికి వెళ్లి లోపలికి రావాలి. అన్నిటికన్నా మంచిది, సంవత్సరం లోపు గడువున్న పాస్‌పోర్టుతో ప్రయాణం పెట్టుకోకపోవడం. భార్యకు, పిల్లలకు ఎవరి ఐ-94 వారిదే. భర్తకు పొడిగింపు వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ వచ్చినట్టు కాదు, వాళ్లకు వేరే దరఖాస్తు వేయాలి.

ఇక ఇంటి ప్రయాణం. విద్యార్థిగా ఎఫ్-1 వీసా మీద వెళ్లి, అక్కడ ఉండగానే హెచ్-1బి కి మారినవారికి పాస్‌పోర్టులో హెచ్-1బి వీసా ఉండదు, ఆమోదపత్రం మాత్రమే ఉంటుంది. ఇండియాకు వచ్చారంటే, తిరిగి వెళ్లేముందు ఇక్కడి కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకోక తప్పదు. పాత విద్యార్థి వీసాకు ఇంకా గడువున్నా, ఉద్యోగానికి వెళ్లేటప్పుడు అది పనికిరాదు. ఆ మార్పు దరఖాస్తు ఇంకా తేలకముందే దేశం విడిచి వెళ్తే ఆ దరఖాస్తును వదులుకున్నట్టే. 2025 సెప్టెంబరు 21 నుంచి అమలైన అధ్యక్షుడి ప్రకటనతో ఇది మరీ ఖరీదైన తప్పు అయింది. దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలన్నది ఆ ప్రకటన. మార్పు దరఖాస్తు తేలకముందే బయటికి వెళ్లినవారికీ ఇది వర్తిస్తుందని ఇమ్మిగ్రేషన్ శాఖ అదే అక్టోబరులో స్పష్టం చేసింది. ప్రకటన కాలపరిమితి పన్నెండు నెలలు కాబట్టి, ప్రయాణం నాటికి ఏది అమలులో ఉందో లాయరును అడిగే టికెట్ కొనాలి.

ఒకప్పుడు వీసా పునరుద్ధరణ అమెరికా లోపలే జరిగేది. 2004 జూలైలో దాన్ని ఆపేశారు. 2024 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇరవై వేల మందికి ప్రయోగాత్మకంగా అవకాశమిచ్చారు, అంతే. స్టాంపింగ్ కోసం కెనడా, మెక్సికో వెళ్లే దారి కూడా ఇరుకైంది. తమ స్వదేశంలోనో, నివసించే దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలని 2025 సెప్టెంబరులో విదేశాంగ శాఖ చెప్పింది. అదే నెలలో హెచ్-1బి వారికి ఇంటర్వ్యూ లేని డ్రాప్‌బాక్స్ పద్ధతి తీసివేశారు. డిసెంబరు 15 నుంచి దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలైంది. దాంతో ఆ నెలలో ఇండియాలో ఇంటర్వ్యూలు ఉన్న చాలామందికి తేదీలు 2026 మార్చికి, ఆ తర్వాతికి జరిగాయి. రెండు వారాల సెలవుకు వచ్చినవాళ్లు నెలల తరబడి ఆగిపోయారు. అక్కడ ఇంటి అద్దె, కారు వాయిదా ఆగవు కదా.

ఇంటర్వ్యూ అయ్యాక కూడా 221జి కాగితం చేతికిచ్చి, మరిన్ని పత్రాలు కావాలనో, పరిశీలన పూర్తి కాలేదనో చెప్పవచ్చు. అది తిరస్కరణ పత్రమే అయినా, కేసు అంతటితో ముగిసినట్టు కాదు. అడిగినవి ఇచ్చి ఎదురుచూడాలి. కాబట్టి తల్లిదండ్రులారా, పిల్లలు పెళ్లి ముహూర్తానికి రాలేనంటే ప్రేమ తగ్గిందనుకోకండి. పిల్లలూ, తండ్రికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చిన రాత్రి కాక, బాగున్న రోజునే ఈ కాగితాలన్నీ సరిచూసుకోండి.

కెనడా, మెక్సికోల విషయంలో ఒక వెసులుబాటు ఉంది. వీసా గడువు తీరినా, లేదా పాస్‌పోర్టులో ఉన్నది పాత ఎఫ్-1 వీసాయే అయినా, ఆ రెండు దేశాలకే వెళ్లి 30 రోజుల లోపు తిరిగి వస్తే, చెల్లే ఐ-94 చూపి లోపలికి రావచ్చు. ఐ-94 ప్రింటు, ఐ-797 దగ్గర ఉండాలి. అయితే ఆ ప్రయాణంలో అక్కడి కాన్సులేట్‌లో కొత్త వీసాకు దరఖాస్తు చేస్తే ఈ వెసులుబాటు పోతుంది. 2002 ఏప్రిల్ 1 నుంచి ఈ షరతు ఉంది. అలాగే ఆ దేశాల్లోకి వెళ్లడానికి వాళ్ల అనుమతి వేరే కావాలి. కెనడాకు భారతీయులకు వీసా తప్పనిసరి. మెక్సికో చెల్లే అమెరికా వీసా ఉంటే వేరే వీసా అడగదు. అమెరికా వీసా గడువు తీరి ఐ-797 మాత్రమే ఉంటే అడుగుతుంది. నయాగరా చూడటానికి బఫెలో వెళ్లినవారు కారులో దారి తప్పి రెయిన్‌బో బ్రిడ్జి ఎక్కేస్తే, మధ్యలో వెనక్కి తిప్పడం కుదరదు. రెండు దేశాల అధికారులకూ సంజాయిషీ చెప్పుకోవాల్సిందే. అటు వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, ఐ-797 కారులో ఉంచుకోండి.

గడువు తీరిన అమెరికా వీసాతో ఇంటికి వచ్చేటప్పుడు లండన్ వంటి చోట్ల విమానం మారడానికి ట్రాన్సిట్ వీసా కావలసి రావచ్చు. టికెట్ కొనేముందే చూసుకోవాలి. అబుదాబి మీదుగా అమెరికా వెళ్లే కొన్ని విమానాల వారికి ఇమ్మిగ్రేషన్ తనిఖీ అక్కడే జరుగుతుంది. కాబట్టి పత్రాలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టకుండా చేతిసంచిలో పెట్టుకోండి. ఐ-797 అసలు ప్రతి, ఉద్యోగ ధ్రువీకరణ లేఖ, చివరి మూడు జీతం స్లిప్పులు, పాత పాస్‌పోర్టులో వీసా ఉంటే అది కూడా.

చివరగా ఒక లాభం. హెచ్-1బి మొత్తం కాలం మామూలుగా ఆరు సంవత్సరాలు. అమెరికా బయట గడిపిన పూర్తి రోజులు ఆ ఆరేళ్లలో లెక్కకు రావు. వాటిని తిరిగి కలిపించుకోవచ్చు. బయలుదేరిన రోజు, చేరిన రోజు పూర్తి రోజులు కావు కాబట్టి అవి కలవవు. మార్చి 1న బయలుదేరి 31న తిరిగి అమెరికాలో దిగితే మధ్యలోని 29 రోజులు మీవే. కానీ అడిగినవారికే ఇస్తారు, రుజువు చూపాలి. అందుకని చెన్నైలోనో బెంగళూరులోనో కొట్టిన ఇమ్మిగ్రేషన్ ముద్ర ఉన్న పేజీల నకళ్లు, బోర్డింగ్ పాసులు ఒక కవరులో తేదీల వరుసన దాచి ఉంచండి.