యూరియా నష్టంలో రెండు ప్రశ్నలు: చర్య ఎంత వేగం? ఎటువైపు?

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016లో ఏర్పడిన జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో ఎర్ర చల్క నేలలు, నల్లరేగడి నేలలు రెండూ ఉన్నాయి. పత్తి, వేరుశనగ, జూరాల వంటి ప్రాజెక్టుల కింద వరి ఇక్కడి ముఖ్యమైన పంటలు. పత్తికి, వరికి పైపాటుగా వేసే నత్రజని చాలావరకు యూరియా రూపంలోనే అందుతుంది. 45 కిలోల బస్తాలో 46 శాతం చొప్పున సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. ఇందులో ఎంత పైరుకు చేరుతుంది, ఎంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది అన్నది పాఠశాల రసాయన శాస్త్రంలోని రెండు పాఠాలతో ముడిపడి ఉంది. ఒకటి చర్యా వేగం, రెండవది ద్విగత చర్య. ఈ రెంటినీ విడివిడిగా గుర్తించినప్పుడే ఏ యాజమాన్య పద్ధతి ఏ నష్టాన్ని ఆపుతుందో తెలుస్తుంది.

మొదటి చర్య: వేగం

యూరియా + నీరు → అమ్మోనియం కార్బొనేట్

శుద్ధమైన నీటిలో కరిగిన యూరియా సాధారణ ఉష్ణోగ్రత వద్ద అతి నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది. అదే యూరియా తేమ గల నేలలో కొద్ది రోజులలోనే మారిపోతుంది. సూక్ష్మజీవుల నుండి, పంట అవశేషాల నుండి నేలలో చేరే యూరియేజ్ అనే ఎంజైము దీనికి కారణం. జేమ్స్ సమ్నర్ 1926లో జాక్ బీన్ గింజల నుండి స్ఫటిక రూపంలో వేరుచేసినది ఈ ఎంజైమునే. ఆ కృషికి 1946లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

కర్మాగారంలో అమ్మోనియాను, కార్బన్ డయాక్సైడును అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రతల వద్ద కలిపి యూరియాను తయారుచేస్తారు. రామగుండం కర్మాగారంలో జరిగేదీ ఇదే. అక్కడ ఈ చర్య ద్విగతం. పొలంలో అంతటి పీడనం లేదు, నీరు పుష్కలం. కనుక నేలలో యూరియా విచ్ఛిన్నం ఆచరణలో ఏకముఖంగానే సాగుతుంది. దానిని వెనుకకు మళ్లించలేము. వేగాన్ని మాత్రమే మార్చగలము.

వేగాన్ని నిర్ణయించేవి తేమ, ఉష్ణోగ్రత, ఎంజైము పరిమాణం. పొడి నేలపై పడిన గుళిక దాదాపు అలాగే ఉంటుంది. మంచు లేదా చిరుజల్లు గుళికను కరిగిస్తుంది కాని లోపలికి దించదు. నష్టానికి ఇదే అత్యంత అనుకూలమైన స్థితి. తగినంత వాన కురిస్తే ఆవేశం లేని యూరియా అణువు నీటితో పాటు లోపలి పొరలకు దిగుతుంది.

రెండవ చర్య: దిశ

అమ్మోనియం అయాను ⇌ అమ్మోనియా + హైడ్రోజన్ అయాను

ఇది ద్విగత చర్య. ఇరువైపులా అతి వేగంగా జరుగుతుంది కనుక ఇక్కడి ప్రశ్న వేగం కాదు, దిశ. ద్రావణపు ఉదజని సూచిక ఆ దిశను నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద మొత్తం అమ్మోనియం నత్రజనిలో అమ్మోనియా వాటా ఉదజని సూచిక 7 వద్ద సుమారు 0.6 శాతం, 8 వద్ద 5 శాతం, 9 వద్ద 36 శాతం. సూచిక 8 వద్దనే ఉండి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు పెరిగితే ఆ వాటా 10 శాతానికి చేరుతుంది.

ఈ 5 శాతమే నష్టపు హద్దు అని భావించడం పొరపాటు. మూసిన పాత్రలో చర్య సమతాస్థితికి చేరి నిలుస్తుంది. పొలం మూతలేని పాత్ర. ఏర్పడిన అమ్మోనియాను గాలి తీసుకుపోతే, ఆ లోటును పూరించడానికి మరికొంత అమ్మోనియం అమ్మోనియాగా మారుతుంది. ఉత్పన్నాన్ని తొలగిస్తే చర్య ముందుకు సాగుతుందన్న లీ షాటెలియర్ సూత్రం ఇక్కడ రైతుకు నష్టంగా పరిణమిస్తుంది.

తటస్థమైన చల్క నేల సురక్షితమా?

నడిగడ్డలోని సున్నం గల నల్లరేగడిలో నష్టం ఎక్కువ అని, తటస్థమైన చల్క నేలలో ఉండదని భూసార పరీక్ష అంకెను బట్టి అనుకోవచ్చు. అయితే యూరియా విచ్ఛిన్నమయ్యేటప్పుడు హైడ్రోజన్ అయాన్లు ఖర్చవుతాయి; గుళిక చుట్టూ ఉదజని సూచిక తాత్కాలికంగా పెరుగుతుంది. బంకమన్ను, సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్న చల్క నేలకు ఈ పెరుగుదలను తట్టుకునే శక్తి, అమ్మోనియంను పట్టి ఉంచే శక్తి రెండూ తక్కువే. నల్లరేగడిలో సూచిక మొదటి నుండే ఎక్కువ, కాని బంకమన్ను అమ్మోనియంను కొంత పట్టి ఉంచుతుంది. కనుక రెండు నేలలలోనూ యూరియాను పైపైన చల్లి వదలడం తగదు.

వరి మడిలో మరొక విశేషం ఉంది. పగటిపూట నీటిలోని నాచు కార్బన్ డయాక్సైడును గ్రహించడం వల్ల నీటి ఉదజని సూచిక మధ్యాహ్నానికి 9 దాటవచ్చు. రాత్రి తిరిగి తగ్గుతుంది. నిలువ నీటిలో ఎండవేళ చల్లిన యూరియా నష్టపోవడానికి కారణం ఇదే.

సిఫారసుల వెనుక సూత్రం

పత్తిలో మొక్కకు కొద్ది దూరంలో యూరియా వేసి మట్టితో కప్పితే, పైకి వచ్చే అమ్మోనియా తేమ మట్టిని తాకి తిరిగి అమ్మోనియంగా మారుతుంది. ఇక్కడ చర్య ద్విగతం కావడమే రైతుకు మేలు. వరిలో నీటిని తీసి, బురద పదునులో చల్లి, 36 నుండి 48 గంటల తరువాత నీరు పెట్టడం వల్ల అమ్మోనియం బంకమన్నుకు చేరువవుతుంది. దఫాలుగా వేయడం వల్ల ఒక్కసారిగా ఏర్పడే అమ్మోనియం గాఢత తగ్గుతుంది.

2015 నుండి దేశంలో యూరియాకు తప్పనిసరి చేసిన వేపపూత ప్రధానంగా అమ్మోనియం నైట్రేట్‌గా మారే వేగాన్ని తగ్గిస్తుంది. అది గాలిలో కలిసే అమ్మోనియాకు మందు కాదు. కనుక వేపపూత యూరియానూ మట్టితో కప్పవలసిందే.

విద్యార్థులకు ప్రయోగం

పాలెం వ్యవసాయ కళాశాల విద్యార్థులు గాని, ఉన్నత పాఠశాల విద్యార్థులు గాని దీనిని సులభంగా పరీక్షించవచ్చు. నాలుగు గాజు సీసాలు తీసుకొని రెండింటిలో చల్క మట్టి, రెండింటిలో నల్లరేగడి సమాన తూకంలో వేసి, పదును వచ్చేలా తడపాలి. ప్రతి నేలకు ఒక సీసాలో యూరియాను పైన చల్లి, రెండవ దానిలో మట్టి కింద కప్పాలి. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితాన్ని మట్టికి తగలకుండా వేలాడదీసి మూత బిగించాలి. కాగితం నీలిరంగుకు మారడానికి పట్టిన సమయాన్ని నమోదు చేయాలి. ఆ నాలుగు అంకెలను ఎదుట ఉంచి, "మట్టితో కప్పండి" అన్న ఒక్క మాటకు కారణాన్ని రైతుకు వివరించగలిగితే విస్తరణ పాఠం పూర్తయినట్లే.